నిర్మల విన్న రోజు

"గిది పప్పా, గోడకేసే సున్నమా?" అంటూ ముత్తమ్మ కంచాన్ని ముందుకు తోసింది.

కోడలు నిర్మల నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. మామూలు రోజైతే ఆ జవాబు వాళ్లుండే కొత్వాల్‌గూడ మీదుగా దిగే విమానాల మోతను దాటి వినిపించేది. కానీ పొద్దున శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు క్యాబు తీస్తూ మొగుడు మధు తేల్చి చెప్పాడు. "ఇంకొక్కసారి మీ అత్తాకోడళ్ల లొల్లి ఇనబడ్డదంటే, ఇగ కార్లనే పండుకుంట. ఇంటికి రాను."

అన్నంత పనీ చేసే మనిషి.

మొన్న ఆదివారం పాస్టరుగారి ప్రసంగం గుర్తొచ్చింది. ఎదుటివాళ్లు చెప్పేది ప్రేమగా వినాలి, మధ్యలో నోరు తెరవకూడదు, అదే క్రీస్తు ప్రేమ అన్నారాయన.

"చెప్పు అత్తమ్మా, ఇంటున్న," అంది నిర్మల.

ముత్తమ్మ తెల్లబోయింది. అంతలోనే తేరుకుని రెట్టింపు హుషారుగా అందుకుంది. పప్పు దగ్గర మొదలుపెట్టి పెళ్లిలో వడ్డించిన మటన్ దాకా వెళ్లింది. నిర్మల తమ్ముడి తాగుడు, చెల్లెలి సోకులు అయ్యాక, ఎప్పుడో పోయిన నాయనమ్మను కూడా లేపి తిట్టింది. నిర్మల అన్నిటికీ బుద్ధిగా తల ఊపింది. చేతిలో కొంగు మాత్రం ముడి మీద ముడి పడుతోంది.

తిట్టేకొద్దీ ముత్తమ్మ గొంతు సన్నబడింది. "ఏమన్న అనవేందే?" అంది.

నిర్మల ప్రేమగా నవ్వింది.

ముత్తమ్మ దిగ్గున లేచి, సెల్‌ఫోను పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది.

గెలిచాననుకుంది నిర్మల. ఇంత సుఖమని తెలిస్తే ఎప్పుడో నోరు మూసుకునేదాన్ని కదా అనుకుంటూ పప్పన్నం కలుపుకుంది. పప్పు నిజంగానే సున్నంలా ఉంది.

కాసేపటికి మధు క్యాబు వచ్చి ఆగింది. ప్రార్థన నూనె సీసాతో పాస్టరుగారు, వెనకాలే సంఘం ఆడవాళ్లు దిగారు. మధు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమైందని నిర్మల అడిగేలోపే పాస్టరుగారి అరచెయ్యి ఆమె నెత్తిన పడింది.

"మూగదయ్యం పట్టింది అయ్యగారూ!" ముత్తమ్మ వలవలా ఏడ్చింది. "ఎన్ని తిట్టినా పలుకుతలేదు. పైగా నవ్వుతున్నది!"

"అయ్యగారూ, మీరు చెప్పిందే కదా నేను..."

"విడిచిపో!" పాస్టరుగారు కళ్లు మూసుకుని గర్జించారు. నూనె నిర్మల చెవుల్లోకి కారింది. ఆడవాళ్లు చప్పట్లు అందుకున్నారు. ఆమె మాట వినే నాథుడే లేడు.

నిర్మల ఓర్పు తెగిపోయింది. ఆ చేతిని తోసేసి అత్త మీదికి లేచింది. "నాకు దయ్యమా? నువ్వే పెద్ద దయ్యానివి! పండ్లూడిన నోటికి పప్పు ఎట్లుంటె ఏందే నీకు? మా నాయనమ్మ నీకేం చేసిందే?"

గుక్క తిప్పుకోకుండా అన్నీ కడిగేశాక, గుమ్మంలో మధు కనిపించాడు. అంతా అయిపోయిందనుకుంది నిర్మల.

మధు "హమ్మయ్య" అని కారు తాళాలు మేకుకు తగిలించాడు. ముత్తమ్మ కోడలిని గట్టిగా వాటేసుకుంది.

"స్తోత్రం ప్రభువా, పోయింది! బిడ్డా, ఇంకో రెండు తిట్టు... మొత్తం పోయిందో లేదో చూద్దాం!"