మూడో వరుస

“ఇది వేసుకుని చూడు, చిన్నన్నయ్యా!”

బీరువా ఖాళీ చేస్తున్న చెల్లెలు ఓ ప్యాంటు విసిరింది. దర్జీపని చేస్తూ, నెల కిందట జబ్బుచేసి పోయిన పెద్దన్నయ్యది. పొద్దుటినుంచీ సర్ది సర్ది ఇద్దరికీ నడుములు పడిపోయాయి.

“ఆ లావుపాటి దర్జీగారి ప్యాంటులో నాలాంటివాళ్ళు ఇద్దరు కాపురం పెట్టొచ్చే!”

“వేసుకోవయ్యా, కాస్త నవ్వుకుందాం.”

పక్కగదిలోకి వెళ్ళి వేసుకొచ్చాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

చెల్లెలి నవ్వు ఆగిపోయింది. అదే రంగుది ఇంకోటి తీసి తిరగేసింది. నడుం వెనక, లోపలివైపు మూడు వరుసల కుట్లు. ఒళ్ళు తగ్గినప్పుడల్లా బిగించుకుంటూ వచ్చాడన్నమాట.

“వారం వారం వచ్చేదాన్ని. బట్టలు ఎప్పుడూ ఒంటికి అతికినట్టే ఉండేవి. మొహం పీక్కుపోయిందేంటంటే, నిద్ర చాలక అన్నాడు.”

“నేనైతే ఫోన్లో పొట్ట తగ్గించమని వేళాకోళమాడాను.”

అతను కుట్ల మీద వేలు పోనిచ్చాడు. రెండు వరుసలు గీత గీసినట్టున్నాయి. మూడోది వంకరటింకరగా ఉంది.

“ఇది చేతికుట్టు కదూ, చిన్నన్నయ్యా? ఇంట్లో మిషను పెట్టుకుని చేత్తో ఎందుకు కుట్టాడు?”

అతను కిటికీ పక్కనున్న కుట్టుమిషను వైపు చూశాడు.

“తొక్కలేకపోయుంటాడే.”