గాలీ వెలుతురూ ఉన్న తొర్ర

మద్దిచెట్టు మీద సొంత తొర్ర ఉండగానే, ఉడత తను దాచుకున్న శనక్కాయలన్నీ పోసి వడ్రంగిపిట్ట దగ్గర ఇంకో తొర్ర కొన్నది. దాన్ని అద్దెకిచ్చి కాలు మీద కాలేసుకుని బతకాలని దాని ఆశ.

“పైకప్పు జోలికి మాత్రం పోకు. ఒక వాన చూశాకే ఎవరికైనా ఇవ్వు,” అని చెప్పి వెళ్లింది వడ్రంగిపిట్ట.

ఉడత వింటేనా. మామూలు తొర్రకి రోజుకి వచ్చే ఒక్క జామపండు అద్దె ఏ మూలకని, కప్పు కొరికి కిటికీ పెట్టింది. గాలీ వెలుతురూ ఉన్న ఇల్లని చెప్పి, గుడ్లు పెట్టబోతున్న చిలకకి రోజుకి రెండు పండ్ల లెక్కన ఇచ్చింది.

చిలక గుడ్లు పెట్టిన వారానికే వాన దంచికొట్టింది. కిటికీలోంచి నీళ్లు ధారకట్టాయి.

“ఉడతమ్మా, తడి గుడ్ల దాకా వచ్చేసింది,” చిలక కేకేసింది.

ఉడత ఆకులు అడ్డం పెట్టింది. కొట్టుకుపోయాయి. బెరడు పెట్టింది. అదీ నిలవలేదు. ఇక దారిలేక తోకతో సహా తానే కిటికీలో కూరుకుని, వీపు మీద వానంతా కాచుకుంది. కింద గుడ్లు పొడిగా ఉన్నాయి.

మూడోనాడు ముసురు కాస్త తెరిపిచ్చింది. చిలక ఎగిరెళ్లి రెండు జామపండ్లు తెచ్చి, ఇంకా కిటికీలోనే ఉన్న ఉడత ముందు పెట్టింది.

ఉడత వణుకుతూనే ఒకటి తీసుకుని, రెండోది వెనక్కి తోసింది.

“కిటికీ లేని ఇంటికి ఒకటి చాలు.”