మొక్కుకున్న మొగ్గ

“నిన్న మూడున్నాయి. ఇవాళ రెండే!”

వసారాలో పూలకుండీ ముందు గొంతుక్కూర్చుని ఒర్ఫెలినా కేకేసింది. లోపల పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్న ఆమె భర్త ఎలాదియో చేతికర్ర ఆనించుకుంటూ కుంటుతూ వచ్చాడు.

“సరిగ్గా చూశావా?”

“మూడు కూడా లెక్కపెట్టలేనా ఏమయ్యా? ఇదిగో, ఇక్కడుండాలి.”

లిల్లీ కాడ చివర మొగ్గ తెగిన చోట ఒక్క తడి చుక్క నిలిచి ఉంది.

“ఎదెల్మిరా వదిన కోడి పొడిచి ఉంటుంది,” అన్నాడు ఎలాదియో. “దానికి ఈ ఇల్లు కూడా తనదేనని నమ్మకం.”

ఒర్ఫెలినా నవ్వలేదు. మూడేళ్ల కిందట అడవిలో చెట్టు కూలి భర్త మీద పడ్డప్పుడు, ఒసోర్నో పట్నం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆమె మరియమాతకు ఒక మొక్కు మొక్కుకుంది. ‘ఈ మనిషిని నాకు తిరిగిస్తే, మా ఇంట్లో విచ్చిన తెల్ల లిల్లీని నీ నెల ముగిసే రోజున నీ పాదాల దగ్గర పెడతాను తల్లీ.’

మనిషి దక్కాడు. మొక్కు మిగిలింది.

లిల్లీయే ఎందుకంటే, ఆమె పన్నెండేళ్లుగా పనిచేస్తున్నది లిల్లీ దుంపల తోటలోనే. అయినా విచ్చిన లిల్లీని ఒక్కసారీ చూడలేదు. పువ్వు పూస్తే దుంప బలం లాగేస్తుంది. అందుకని మొగ్గ పచ్చగా ఉండగానే, చూడక్కర్లేకుండా వేళ్ల అలవాటుతోనే గిల్లి, వెనక్కి విసిరేసి, తరువాతి మొక్క దగ్గరికి పోవడమే అక్కడి పని. బలిసిన దుంపలు ఓడెక్కి వెళ్లి పరాయి దేశాల్లో పూస్తాయి. తానే చూడనిదాన్ని తల్లికి ఇవ్వాలనిపించింది ఒర్ఫెలినాకు.

చిన్నదని పక్కన పడేసిన దుంపనొకదాన్ని మేస్త్రీని అడిగి తెచ్చుకుంది. కుండీ అడుగున గులకరాళ్లు పరిచి, మొన పైకి ఉండేట్టు నాలుగు వేళ్ల లోతున పాతింది. మొదటి ఏడు పిడికెడు ఆకులొచ్చాయి. రెండో ఏడు కాడ లేచింది గాని మొగ్గ లేదు. ఈ ఏడు మూడు మొగ్గలు. మరియమాత నెల ముగిసే డిసెంబరు ఎనిమిదికి ఇంకా రెండు వారాలు.

తోటలో గిల్లుడు పని మొదలైంది కూడా ఆ వారమే. పొద్దంతా వంగి వంగి నడుం పట్టేసి ఇంటికొస్తే, కుండీ పక్కన కూర్చుని జపమాల చెప్పుకోవడం ఒక్కటే ఆమెకు సుఖం.

కోడి అందుకోకుండా కుండీని వంటింటి కిటికీ గట్టు మీదికి మార్చింది. అయిదు రోజులు గడిచాయి. ఆరో రోజు పొద్దున్నే మళ్లీ కేక.

ఎలాదియో ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాడు. “ఇది కోడి పని కాదే. గోటితో గిల్లారు.”

“ఎవరు?”

“నన్ను చూడకు. నా ప్రాణం కోసం మొక్కుకున్న పువ్వు నేనెందుకు తెంపుతాను?”

“నిన్న మాతే టీ తాగడానికి ఎవరొచ్చారు?”

“ఎవరొస్తారు? వదినే.”

ఎదెల్మిరా పక్కింటావిడ. చర్చిలో ప్రతి ఏడూ ముందు వరసలో ఉండేవి ఆమె గులాబీలే. ఒర్ఫెలినా కంచె దగ్గరికి వెళ్లింది.

“వదినా, ఒక మాటడుగుతాను, కోపం తెచ్చుకోకు.”

“అలా మొదలుపెట్టావంటే తెచ్చుకోవాల్సిందేగా. అడుగు.”

“నా మొగ్గ గిల్లావా?”

ఎదెల్మిరా చేతిలోని బట్టల బుట్ట కింద పెట్టింది. “నేనా? నీ ఎండు కాడ మొగ్గ నాకెందుకే? నా గులాబీలు చాలక?”

“మరి గోటి గాటెలా వచ్చింది?”

“మీ ఆయన్నడుగు. ఆయనకూ పది గోళ్లున్నాయి.” ఆమె గొంతు మారింది. “మీ ఆయన ఆసుపత్రిలో ఉన్న నెలంతా నీకు రొట్టె కాల్చి పంపానే. నన్నే అడిగావా ఈ మాట?”

ఒర్ఫెలినా వంగి ఆమె బుట్ట అందించబోయింది.

“రేపే మా అక్క ఊరికి బస్సెక్కుతున్నా. ఎనిమిదో తారీకు తిన్నగా చర్చికే వస్తా. ఈలోగా ఉన్న ఒక్కటీ పోయిందనుకో, అందరి ముందూ నాకు క్షమాపణ చెప్పాలి.”

“పోకపోతే?”

“పోకపోతే నేనే దొంగనని నువ్వే ఊరంతా చెప్పుకో.”

ఎదెల్మిరా వెళ్లిపోయింది. మొగ్గ రోజురోజుకూ పొడుగై, మొన తెల్లబారింది. ఏడో తారీకు సాయంత్రానికి రేపో ఎల్లుండో విచ్చుకునేలా ఉంది. ఎలాదియో చర్చిలో బల్లలు సర్దడానికి వెళ్లాడు. అక్కడ డిసెంబరంటే వేసవి; రాత్రి ఎనిమిదైనా బయట ఇంకా వెలుతురుంది. ఒర్ఫెలినా తలుపు గడియపెట్టింది. కిటికీ బిగించింది. మంచం కిందా, పొయ్యి వెనకా వెతికింది. ఎవరూ లేరు. కుండీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“తల్లీ, రెండు పోగొట్టుకున్నది చాలు. నా పువ్వు నీకిష్టం లేదా? నేను చేసిన తప్పేమిటో చెప్పు, దిద్దుకుంటాను. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్యి.”

ఎడమచేతిలో జపమాల తీసుకుని కళ్లు మూసుకుంది. పూస తరువాత పూస జరిగింది. అలిసిన ఒళ్లు నెమ్మదించింది. జపమాలలోని అయిదు పదుల పూసలూ పూర్తయ్యాయి. ఆమెన్ అని కళ్లు తెరిచింది.

కాడ బోసిగా ఉంది. చివర తడి చుక్క.

గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. కిటికీ బిగించింది బిగించినట్టే ఉంది. గదిలో ఈగ కూడా లేదు. మనుషులెవరూ రాలేదంటే, మరి వచ్చిందెవరు? సిలువ గుర్తు వేసుకోవడానికి కుడిచెయ్యి ఎత్తింది.

ఆ వేళ్ల మధ్యే ఉంది మొగ్గ.