ఒకటి కొడితే ఆగాలె

"హెల్మెట్ పెట్టుకున్నంక నాకేం ఇనబడది. ఆపాలంటే ఈపు మీద ఒకటి కొట్టు, పోనియ్యాలంటే రెండు కొట్టు" అన్నాడు ఆమోసు, స్కూటర్ ఎక్కుతూ. బొగ్గుబాయిలో టబ్బులు లాగే ఇంజను నడిపి మొన్ననే రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లూ గంటల మాటే విన్నాడు. ఒకటి మోగితే ఆపేవాడు, రెండు మోగితే లాగేవాడు.

గోదావరిఖని నుంచి బాపట్ల సముద్రానికి రెండు రోజుల దారి. మొగుడికి వినబడదని తెలిశాక సుగుణమణి నోటికి పగ్గం లేదు. పెద్దపల్లి దాకా అత్తను తిట్టింది. వరంగల్ దగ్గర టైరు పంక్చరైతే "ముసలి బండికి ముసలి డ్రైవర్" అంది. ఖమ్మంలో వానకు తడిసి అతని వంశాన్నంతా తిట్టిపోసింది. బెజవాడలో కృష్ణ మీది చల్లగాలికి మాత్రం మెత్తగా ఇంకేదో అంది.

ఆమోసు ఈల వేసుకుంటూ నడిపాడు.

అలల్లో కాళ్లు తడిశాక నవ్వుతూ అడిగాడు. "ఏమే, నేను ముసలి డ్రైవర్నా?"

సుగుణమణి నాలుక కరుచుకుంది. అతని వీపు మీద ఒకటి కొట్టింది.

జీవితంలో మొదటిసారి ఆమోసు ఆగలేదు. "మరి కృష్ణ బ్రిడ్జి మీద, 'ప్రభువు నాకు బంగారమసొంటి మనిషినిచ్చిండు' అంటివి గదా?"

సుగుణమణి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని, వీపు మీద రెండు కొట్టింది.