కాపీలో దిద్దుబాటు

“కాస్త కూర్చో వదినా. నువ్వలా తిరుగుతుంటే నాకు తల తిరుగుతోంది,” అంది ఆడపడుచు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు.

“ఎలా కూర్చోను? సాయంత్రం మన ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ కొత్త వెర్షన్ విడుదల చెయ్యాలి. దాంతో నడిపిన ప్రోగ్రామ్ మళ్లీ అక్కడే ఆగుతోంది. సరిచేశానన్నావుగా.”

“చేశాను. పోయినసారీ చేశాను.”

“అయితే ట్రేస్ అబద్ధమాడుతోందా?”

ప్రోగ్రామ్ ఎక్కడ ఎంతసేపు ఆగిందో తెర మీద ట్రేస్ గీతలు చూపిస్తున్నాయి. అన్నిటికన్నా పొడుగు గీత పాత చోటే ఉంది.

ఆడపడుచు ఫైలు తెరిచింది. తను రాసిన మార్పు అందులో లేదు. “ఎవరో తీసేశారు.”

“అది బయటివాళ్ల కోడ్. మన లాంగ్వేజ్‌తో పాటు ఇచ్చే లైబ్రరీలో ఉన్నది దాని కాపీ. నువ్వు దిద్దింది ఎక్కడ?”

“ఈ కాపీలోనే.”

వదిన నడక ఆగిపోయింది. ప్రతి వెర్షన్‌కీ ముందు బయటివాళ్ల దగ్గర్నుంచి తాజా కాపీ తెచ్చి పాతదాని మీద పెట్టేది తనే.

“అంటే, నేనే చెరిపేస్తున్నాను.” కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఈసారి అసలు కోడ్‌లోనే దిద్దమని నీ మార్పు వాళ్లకి పంపుదాం. అక్కడ మారితేనే నిలుస్తుంది.”

వదినే మెల్లగా అంది, “పొద్దున మీటింగ్‌లో నీకు పని మీద శ్రద్ధ లేదన్నాను. తప్పయింది.”

“అదీ అక్కడే దిద్దు వదినా,” అంది ఆడపడుచు, తెర మీంచి చూపు తిప్పకుండా.