ఆదివారం కట్టిన మిల్లు

ఆదివారం వస్తే దేముడమ్మకు అన్నం సహించదు.

ఆ రోజు భర్త సత్యారావు మోటార్ల రిపేరు కొట్టు మూసేసి, కూతురు చిన్నారిని బండి మీద ఎక్కించుకుని అనకాపల్లి వెళ్తాడు. ఝాన్సీ ఇంటికి. పొద్దున్న వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే చోడవరం చేరడం. గౌను ఇస్త్రీ చేసి తొడిగి, రెండు జడలు అల్లి, ఆ పిల్లను తయారుచేసి పంపేది మాత్రం దేముడమ్మే.

ఝాన్సీ బ్యాంకులో పనిచేస్తుంది. ఒక్కతే ఉంటుంది. ఆమె ఇంట్లో ఒక గది నిండా ప్లాస్టిక్ బ్లాకులే. పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి ఇళ్ళూ కార్లూ కడతారే, అవి. డబ్బా మీది బొమ్మ చూసి కట్టడం ఆమెకు నచ్చదు. తను కళ్ళతో చూసినవే కడుతుంది. రైవాడ డ్యాము కట్టింది. బెల్లం మార్కెట్టు కట్టింది. ఫోటోలు పెడితే ఎక్కడెక్కడివాళ్ళో మెచ్చుకుంటారట.

ఇవన్నీ చిన్నారి చెబితే తెలిసినవే. వారమంతా ఆంటీ అలా కట్టింది, ఆంటీ ఇలా అంది అనే గోలే. ఆ కబుర్లు కట్టిపెట్టి పాలు తాగమనేది దేముడమ్మ.

ఆ పిల్లకు నడక నేర్పింది తను. అమ్మవారు పోసినప్పుడు వేపాకులు పరిచి పక్కన కూర్చున్నది తను. ఇవాళ నాలుగు రంగుల ముక్కలు చూపించి ఇంకో ఆడది లాక్కుపోతోంది.

పక్కింటి అచ్చియ్యమ్మ ఊరుకోదు. గోడ మీంచి తొంగి చూసి, "ఈయేళా ఆయమ్మింటికేనేటే?" అని అడుగుతుంది. దేముడమ్మ వినబడనట్టు లోపలికి వెళ్ళిపోతుంది.

ఇంక వెళ్ళొద్దని ఒకసారి భర్తతో అనేసింది.  వారానికి ఒక్క రోజే కదా, వద్దనడానికి తనకు నోరు రాదన్నాడు సత్యారావు. ఎందుకు నోరు రాదో దేముడమ్మకు తెలుసు. తెలిసే మరింత మండింది.

సంతలో తనూ ఒక బ్లాకుల డబ్బా కొంది. పిల్ల ముందు పోసుకుని కూర్చుంది. కట్టిన గోడ కట్టినట్టే ఊడిపోయింది.

"ఇవి లూజమ్మా. ఆంటీవైతే గట్టిగా పట్టేస్తాయి" అంది చిన్నారి, జాలిగా. ఆ డబ్బా అటకెక్కింది.

ఇంతలో ఇలాంటివి కట్టే సరదా ఉన్నవాళ్ళందరూ కలిసి విశాఖపట్నంలో ప్రదర్శన పెట్టుకున్నారు. దాని కోసం ఝాన్సీ, చిన్నారి కలిసి చెరకు మిల్లు కట్టారు. గోవాడ చక్కెర మిల్లుకు వెళ్ళి చూసొచ్చి మరీ కట్టారు. పొడుగాటి పొగగొట్టం. వరసగా ట్రాక్టర్లు. వాటి నిండా చెరకులా పచ్చటి కడ్డీలు. గేటు దగ్గర ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, మధ్యలో జడల పిల్ల.

అమ్మకు చూపించాలని చిన్నారి దాన్ని అట్టపెట్టెలో ఇంటికి తెచ్చింది. ఆ ఆడమనిషి ఎవరని దేముడమ్మ అడగలేదు. అడక్కుండానే తేల్చేసుకుంది.

శనివారం పిల్ల బడికి వెళ్ళాక ముందు ఆ ఆడబొమ్మను పీకింది. తర్వాత ఒక ట్రాక్టరు. తర్వాత పొగగొట్టం. విసిరికొట్టలేదు. చిక్కుడుకాయలు వలిచినట్టు నెమ్మదిగా, ఒక్కో బ్లాకూ విడదీసింది. చివరికి పళ్ళెం నిండా రంగు ముక్కలు మిగిలాయి. అప్పుడు భయమేసింది. చూసి మళ్ళీ కట్టడానికి కాగితం లేదు. ఆ మిల్లు ఝాన్సీ బుర్రలో పుట్టింది.

చిన్నారి వచ్చాక, చెయ్యి తగిలి పడిపోయిందని చెప్పింది. పిల్ల ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. అది చూడలేక సత్యారావే ఝాన్సీకి ఫోన్ చేశాడు. ప్రదర్శన మర్నాడే.

సాయంత్రం బస్సుకు ఝాన్సీ వచ్చింది. దేముడమ్మ ఆమెను ఎదురుగా చూడటం అదే మొదలు. సత్యారావు ఇద్దరి ముందూ నిలవలేక, టిఫిన్ తెస్తానంటూ పిల్లను తీసుకుని బజారుకు వెళ్ళిపోయాడు.

గది చీకటిగా ఉంది. స్విచ్చి బీరువా వెనకాల ఉంటుంది, కొత్తవాళ్ళకు దొరకదు. ఝాన్సీ తడుముకోకుండా చెయ్యి పెట్టి లైటు వేసింది. దేముడమ్మ ముక్కల పళ్ళెం తెచ్చి కింద పెట్టింది.

ఝాన్సీ పళ్ళెం ముందు కూర్చుని ముక్కలు కెలికి చూసింది.

"పడితే పెద్ద పెద్ద పెళ్ళలుగా ఇరుగుతాదండి. ఇది ఇరగలేదు. ఇప్పేసినట్టుంది."

"నేనే ఇప్పేసేను" అంది దేముడమ్మ. "సూడలేకపోయేను."

"పాపకి సెప్పనులెండి."

"ఏం, ఎందుకు సెప్పరు?"

ఝాన్సీ ఎర్ర ముక్కలు ఒక పక్కకు, తెల్లవి ఒక పక్కకు తీస్తోంది. "మీ సేత జడలేయించుకుని వొస్తాది. ఆ జడలు సూసినప్పుడల్లా నాకూ ఇప్పేయాలనే ఉంటాది."

 దేముడమ్మ కూడా కింద కూర్చుని పచ్చ ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. ఝాన్సీ చూపించిన చోటల్లా నొక్కింది. గట్టిగా పట్టాయి. గోడలు లేచాయి. పొగగొట్టం సగం దాకా వచ్చింది.

వీధి తలుపు చప్పుడైంది.

"అమ్మా" అంటూ చిన్నారి లోపలికి పరిగెత్తుకొచ్చింది. ఆ పిలుపు తనకు కాదని తెలిసి, నెలల పిల్లగా ఉన్నప్పుడే దాన్ని ఈ ఇంట్లో వదిలి వెళ్ళిపోయిన కన్నతల్లి ఝాన్సీ, తలెత్తకుండా ఎర్ర ముక్కలు ఏరుతూనే ఉంది.