గోడ మీద కథ పోయింది

గోడ మీద ఆ సోమవారం కూడా ఒక కథ తక్కువైంది.

"ఈసారి నాది పోయింది టీచర్" అంది తొమ్మిదో తరగతి ఫిరోజా. ఏడుపు ఆపుకుంటోంది.

శివలీల టీచర్ బేతంచెర్లలోని ఆ బడికి తెలుగు చెప్పడానికి వచ్చి ఎనిమిది నెలలైంది.

వచ్చిన కొత్తలో, మీ అమ్మ గురించి రాయండి అంటే నలభై మందీ గైడులో ఉన్న అమ్మ గురించే రాశారు. అందరి అమ్మలూ దేవతలే. అందరి అమ్మలూ త్యాగమూర్తులే.

ఆమె నలభై నోటుపుస్తకాలూ వెనక్కి ఇచ్చేసింది.

"గైడులో అమ్మ నాకొద్దు. మీ ఇంట్లో అమ్మ కావాల. పొద్దున్నే లేచి ఏం చేస్తాది, ఎవర్ని తిడతాది, అది రాయండి."

మొదటి వారం ముగ్గురు రాశారు. మరుసటి నెలకు పదకొండు మంది.

"పాసైతే చాలు మేడం వీళ్లకు. కథలెందుకు?" అన్నారు లెక్కల సారు.

"రాయడం వస్తే పాసు కావడం ఎంతసేపు సార్?" అంది ఆమె.

బాగున్న కథలను గేటు పక్క గోడకున్న చెక్కబోర్డు మీద గుండుపిన్నులతో గుచ్చడం మొదలుపెట్టింది. దారిన పోయేవాళ్లు నిలబడి చూసేవాళ్లు. పిల్లలు దూరం నుంచి వాళ్ల ముఖాలు చూసేవాళ్లు.

అలాంటి చోట వారానికొక కథ మాయమవుతోంది.

మరుసటి సోమవారం శివలీల గంట ముందే వచ్చి గేటు వెనక నిలబడింది.

యాభై దాటిన మనిషి ఒకాయన వచ్చాడు. చొక్కా నిండా రాతిపొడి. బోర్డు దగ్గర ఆగి, ఒక కాగితానికున్న పిన్నులు ఒక్కొక్కటే తీస్తున్నాడు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?"

ఆయన ఉలిక్కిపడ్డాడు.

"పారేసేకి కాదు మేడం, నేను దీన్ని..."

"పిల్లోళ్ల కష్టం దొంగతనం చేసేకి సిగ్గు లేదా? బోండాలు చుట్టుకునేకి ఇవే దొరికినాయా?"

అప్పటికే పిల్లలు పోగయ్యారు. ఒకరిద్దరు నవ్వారు.

ఆయన కాగితాన్ని రెండు చేతులతో ఆమెకిచ్చాడు.

"తప్పయింది మేడం" అని తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఒక్క కథా పోలేదు. పిల్లల కథలను కాపాడానని శివలీల సంతోషపడింది.

నెల తిరిగాక తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ఎప్పుడూ పది మంది వస్తే ఎక్కువ. ఆ రోజు బెంచీలు చాలలేదు.

ఫిరోజా వాళ్లమ్మ లాల్ బీ అందరికంటే ముందు లేచింది. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పూట పని వదులుకుని వచ్చింది.

"మేడం, కతలు చదివే ఆయప్పను పంపేది ఎందుకు నిలిపేస్తిరి?"

"ఏ ఆయప్ప?"

"ఏసేపు. గనికాడ లారీలకు రాళ్లెత్తే ఆయప్ప. గనికాడ, మా ఫ్యాక్టరీకాడ బువ్వ తినే పొద్దుకు వచ్చి, మా పిల్లోళ్ల కతలు చదివి ఇనిపించి, ఎవురి కాగితం వాళ్లకే ఇస్తా ఉండె. మీరే పంపినారనుకుంటిమి."

లాల్ బీ పర్సులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. 'మా అమ్మ చేతులు'. ఫిరోజా రాత.

ఎంత కడిగినా వాళ్లమ్మ గోళ్ల సందుల్లో తెల్లటి రాతిపొడి పోదు. చిన్నప్పుడు ఫిరోజా, అమ్మలందరి గోళ్లూ అట్లే ఉంటాయనుకునేది. ఆ కథ అదే.

"ఇది ఇన్నంక మూడు దినాలు బువ్వ దిగలేదు మేడం. ఈ ఏడు బడి మాన్పించి ఫిరోజాను గూడా ఫ్యాక్టరీకి తీస్కపోదామనుకుంటి. ఇంగ మాన్పించను. ఎంత చదివితే అంత చదవనీ."

వెనక నుంచి, కథలు రాసే నిస్సీ వాళ్ల నాయన శామ్ అన్నాడు, "మా పాప కతలో నా పేరు ఉండాది మేడం. కూలీల పట్టీలో తప్ప నా పేరు ఇంగ యాడా రాసినోళ్లు లేరు."

గేటు దగ్గర ఏసేపును తను అన్న మాటలే శివలీల చెవిలో మోగుతున్నాయి.

మరునాడు మధ్యాహ్నం కథలు రాసే పదకొండు మందినీ వెంటబెట్టుకుని, రెండు కిలోమీటర్లు నడిచి గనికి వెళ్లింది.

"ఆయనకు తప్పు చెప్పుకోవాల. ఇకనుంచి మీ కథలు మీరే వచ్చి చదవాల" అంది దారిలో.

గనిలో లారీల లెక్క రాసుకునే అక్రమ్ ఎదురొచ్చాడు.

"ఏసేపా? పని ఇడిచి పోయినాడు మేడం. పదైదు దినాలాయ. ఏ ఊరో చెప్పలేదు. ఫోను గూడా లేదు ఆయప్పకు."

శివలీల పిల్లల వైపు తిరిగింది.

"చదువు ఫిరోజా."

కూలీలు సద్దిగిన్నెలు పక్కన పెట్టి చుట్టూ చేరారు. ఫిరోజా మొదట కాగితంలోంచి తల ఎత్తలేదు. సగానికి వచ్చేసరికి నిలదొక్కుకుంది. పదకొండు మందీ చదివారు. ఒక్కరూ లేచి పోలేదు.

తిరిగి బయల్దేరేటప్పుడు శివలీల అక్రమ్‌ను అడిగింది.

"ఏసేపు శానా బాగా చదువుతా ఉండె అంటాండారు. యాడ చదువుకున్నాడు ఆయప్ప?"

అక్రమ్ ఆమె వైపు వింతగా చూశాడు.

"చదువా? ఆయప్ప వేలిముద్ర మనిషి మేడం. ఒక్కో కత నాతో మూడుసార్లు చదివించుకుని, ఒక్క మాట పొల్లుపోకుండా కంఠతా పట్టి, ఆ కాగితం చేతిలో పట్టుకుని పోయి చెప్తా ఉండె."